మూడో పట్టీ ఏమైంది?

*చేతికి కుట్టించుకున్న ర్యాంకు ఒకటి, కాగితం మీద మిగిలింది ఇంకొకటి. సర్వీసంతా దేశం పొలిమేరల్లో చేసి, ఇప్పుడు తన ర్యాంకు తనదేనని రుజువు చేసుకోవలసి వస్తున్న మాజీ సైనికుల కథ.*

నవంబరు నెల. కైకలూరు మెయిన్ రోడ్డు పక్కన చేపల లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ట్రేలలో ఐసు పొడి కొడుతున్న చప్పుడు నెట్ సెంటర్ లోపలికీ వినిపిస్తోంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. వీపు మాత్రం కుర్చీకి ఆనలేదు. జీవన్ ప్రమాణ్ కోసం వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెట్టాడు, పడలేదు. తువ్వాలుతో తుడిచి మళ్ళీ పెట్టాడు, పడలేదు. మధ్యవేలుతో ప్రయత్నిస్తే పచ్చలైటు వెలిగింది. బతికే ఉన్నాడని ప్రభుత్వం ఒప్పుకుంది.

"అయిపోయిందండి తాతగారూ. వివరాలు ఒకసారి చూసుకోండి" అన్నాడు కుర్రాడు, తెరను ఇటు తిప్పి.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని పేరు చదువుకున్నాడు. నంబరు వేలితో పట్టుకుని ఒక్కో అంకే సరిచూసుకున్నాడు. కింది గడి దగ్గర వేలు ఆగింది.

"ఇదేంటబ్బాయ్, నాయక్ అని ఉంది?"

"మీ ర్యాంకండి."

"నేను హవల్దార్ని."

"కంప్యూటర్‌లో అలానే ఉందండి మరి."

"కంప్యూటరు పట్టాళంలో ఎప్పుడు చేరింది? నేను చేరింది డెబ్బై ఆరులో."

వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. చేతిసంచీలోంచి ప్లాస్టిక్ కవరు, అందులోంచి అట్ట ఊడిపోయిన చిన్న పుస్తకం తీశాడు. డిశ్చార్జి బుక్కు. మడతల దగ్గర సెల్లో టేపు పసుపు పచ్చగా మారింది. దళం నంబరు, పేరు, ఎత్తు, పుట్టుమచ్చలు, ఇంటి చిరునామా, సర్వీసు ఎన్ని సంవత్సరాలు ఎన్ని రోజులు, వచ్చిన మెడల్స్, నడవడిక 'ఎగ్జెంప్లరీ', అంటే వంక పెట్టడానికి లేనిది. ఒక పేజీలో ర్యాంకు 'హవ్' అని ఇంకు పెన్నుతో రాసి ఉంది. ఇంకో పేజీలో, పింఛను సంగతి రాసినచోట, 'ఎన్‌కె' అని టైపు కొట్టి ఉంది. ఒకే పుస్తకంలో ఒకే మనిషికి రెండు ర్యాంకులు. ముప్పై ఏళ్ళుగా ఆ పుస్తకం ట్రంకు పెట్టెలో ఉంది. రెండో పేజీ జోలికి ఎవరూ పోలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాయనక్కరలేదు కూడా. కైకలూరులో, ముదినేపల్లిలో, కలిదిండిలో, ఆకివీడులో మిలట్రీ నుంచి వచ్చిన వాళ్ళింటికి వెళ్ళి 'మీ కాగితాల్లో ర్యాంకు సరిగ్గా ఉందా?' అని అడిగి చూడండి. చాలామంది ముందు ఉందనే అంటారు. ఆ తర్వాత లేచి పెట్టె తెరుస్తారు.

పల్లకీ సుబేదారు ఊరి పొరుగున

ర్యాంకు విలువ ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. తాడేపల్లిగూడెం దాటి కొద్ది దూరం వెళ్తే మాధవరం. అడ్రసులో మాధవరం, జనం నోట మిలట్రీ మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధానికి తమ ఊరి నుంచి 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి వెయ్యి మందికి పైగా వెళ్ళారని ఊరివాళ్ళు చెప్పుకునే లెక్క. తిరిగిరాని వాళ్ళ కోసం ఊళ్ళో స్తూపం కట్టుకున్నారు. బ్రిటిషు కాలంలో సుబేదారుగా చేసిన వెంపల్లి వెంకటాచలం గురించి, ఆయన 'రావు బహద్దూర్' బిరుదు గురించి, 'పల్లకీ సుబేదారు' అన్న పిలుపు గురించి ఇప్పటికీ కథలుగా చెబుతారు. ర్యాంకు ఆ ఊళ్ళో జీతానికి సంబంధించిన మాటగా ఆగిపోలేదు. ఇంటి గుర్తు అయింది, పెళ్ళి సంబంధాల్లో మొదటి వాక్యం అయింది. పిల్లలకు మేజర్, కెప్టెన్ అని పేర్లు పెట్టుకున్న ఇళ్ళున్నాయని పత్రికలు రాశాయి.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే తాడేపల్లిగూడెంలో విమానాలు దిగడానికి రన్‌వే వేశారు. ఆ విమానాశ్రయ భూముల్లోనే ఇవాళ నిట్ క్యాంపస్ ఉంది. యుద్ధం, సైన్యం ఈ మెట్ట డెల్టాల సరిహద్దుకు దూరపు సంగతులు కావు. కొల్లేటి వైపు మాత్రం ఊరికి ఇద్దరు ముగ్గురుగా వెళ్ళారు. మాధవరంలో అయితే కాగితంలో తప్పు కనబడగానే ఏ రికార్డ్స్ ఆఫీసుకు రాయాలో అరుగు మీద కూర్చున్న పదిమందిలో ఒకరైనా చెబుతారు. కొల్లేటి లంకల్లో మిలట్రీ నుంచి వచ్చిన మనిషికి అడగడానికి పక్కింట్లో ఇంకొక మిలట్రీ మనిషి ఉండడు. తప్పు అలా ఏళ్ళ తరబడి పెట్టెలోనే ఉండిపోవడానికి ఇదీ ఒక కారణం.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పుస్తకంలో 'కృష్ణా జిల్లా, కైకలూరు తాలూకా' అని ఉన్న మనిషి ఇప్పుడు ఏలూరు జిల్లావాడు. తాడేపల్లిగూడెం మనిషికి జిల్లా పేరు పశ్చిమ గోదావరే, జిల్లా కేంద్రం మాత్రం ఏలూరు నుంచి భీమవరానికి వెళ్ళింది. ఏ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఫైలు ఉందో తేలడానికే ఒక పూట పడుతుంది.

తప్పు ఎక్కడ పడుతుంది?

గుమాస్తా పొరపాటు అని అందరూ అనేస్తారు. గుమాస్తా పొరపాట్లూ ఉన్నాయి. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు తెలియని ఉత్తరాది గుమాస్తా చేతిలో తెలుగువాడి పేరు ఏమవుతుందో మిలట్రీకి వెళ్ళిన ప్రతివాడికీ అనుభవమే. అయితే ర్యాంకు విషయంలో తప్పులు చాలావరకు నిబంధనల సందుల్లో పుడతాయి.

మన పెద్దాయన సంగతే తీసుకోండి. ఆయన కాలంలో ఒక నిబంధన ఉండేది: దిగిపోయే ముందు ఏ ర్యాంకులో కనీసం 10 నెలలు ఉంటే ఆ ర్యాంకు మీదే పింఛను. నాయక్‌గా ఏళ్ళు చేసి, చివరి ఎనిమిది నెలల్లో హవల్దార్ అయినవాడు హవల్దార్ పట్టీలతోనే ఇంటికొస్తాడు, పింఛను మాత్రం నాయక్‌కు కడతారు. పింఛను ఉత్తర్వులో 'ఉన్న ర్యాంకు' ఒకచోట, 'పింఛను ర్యాంకు' మరోచోట ఉండేవి. రెండూ నిజమే. ఆరో వేతన సంఘం తర్వాత, 2006 జనవరి 1 నుంచి దిగినవాళ్ళకు ఈ పదినెలల లెక్క పోయింది. కానీ అంతకుముందు దిగినవాళ్ళ వివరాలు కంప్యూటర్‌కు ఎక్కించేటప్పుడు రెండు ర్యాంకుల్లో ఒకటే ఎక్కితే? మనిషి శాశ్వతంగా ఒక మెట్టు దిగిపోతాడు.

ఇంకో సందు గౌరవ ర్యాంకుది. మచ్చలేని సర్వీసు చేసిన హవల్దార్లలో కొందరికి గౌరవ నాయబ్ సుబేదార్, సుబేదార్లలో కొందరికి గౌరవ లెఫ్టినెంట్, కెప్టెన్ ర్యాంకులు ఇస్తారు. జాబితాలు జనవరి 26న, ఆగస్టు 15న వెలువడతాయి. హవల్దారు మేలో ఇంటికి వచ్చేశాడు, డిశ్చార్జి బుక్కు అప్పటికే చేతిలో పడింది. గౌరవం ఆగస్టులో వచ్చింది. ఊళ్ళో సన్మానం జరిగింది, బుక్కులో మాత్రం 'హవ్' అలాగే ఉంది. గౌరవ నాయబ్ సుబేదారుకు పింఛనులోనూ నాయబ్ సుబేదార్ లెక్కే వర్తింపజేయాలని కేంద్రం 2009 జూన్‌లో ఉత్తర్వు ఇచ్చింది, కానీ 2006 తర్వాత దిగినవాళ్ళకే అంది. అంతకుముందు వాళ్ళేం పాపం చేశారని కొందరు చండీగఢ్‌లోని సాయుధ దళాల ట్రైబ్యునల్‌కు వెళ్తే 2010లో వాళ్ళకు అనుకూలంగా తీర్పు వచ్చింది, సుప్రీంకోర్టులోనూ నిలబడింది. అప్పటిదాకా గోడ మీద ఫ్రేము కట్టించుకున్న గౌరవానికి ఒక్కసారిగా నెలనెలా లెక్క వచ్చింది. దానితోపాటే బుక్కులో ఆ మాట ఉందా లేదా అన్న వెతుకులాటా మొదలైంది.

జీతం లేని లాన్స్ నాయక్ అనే విడ్డూరం కూడా సైన్యంలో ఉంది. చేతికి ఒక పట్టీ ఉంటుంది, బాధ్యత ఉంటుంది, ఆ పట్టీకి జీతం ఉండదు. కంపెనీ అవసరం కొద్దీ పై అధికారి ఇచ్చిన పట్టీ అది. ఇంటికొచ్చాక 'నేను లాన్స్ నాయక్‌గా దిగాను' అంటాడు, రికార్డు 'సిపాయి' అంటుంది. ఇక్కడ రికార్డు తప్పు కాదు, మనిషి చెప్పేదీ అబద్ధం కాదు.

దీనికి తలకిందులైన కథ ఎం.ఎ.సి.పి.ది. 8, 16, 24 ఏళ్ళ సర్వీసు దగ్గర, ఖాళీ లేక ప్రమోషన్ రాకపోయినా, పై ర్యాంకు జీతం ఇచ్చే పద్ధతి. అలా నాయబ్ సుబేదార్ జీతం తీసుకుంటూ హవల్దార్‌గానే దిగినవాళ్ళు మన జిల్లాల్లోనూ ఉన్నారు. జీతం చీటీలో ఒకటి, భుజం మీద ఒకటి. పిల్లనిచ్చిన మామగారికి ఏది చెప్పాలి?

> ఏ దళంలో ఏ పేరు?
>
> పాత కాగితంలో ర్యాంకు తప్పు పడిందని కంగారు పడే ముందు ఇది చూసుకోండి.
>
> సైన్యంలో మెట్లు: సిపాయి, లాన్స్ నాయక్ (ఒక పట్టీ), నాయక్ (రెండు), హవల్దార్ (మూడు), ఆపైన నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్.
>
> మద్రాస్ సాపర్స్‌లో సిపాయిని సాపర్ అంటారు, ఫిరంగి దళంలో గన్నర్, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మన్, ఈఎంఈలో క్రాఫ్ట్స్‌మన్. ఇవి పని పేర్లు కావు, ర్యాంకులే. అశ్విక, ట్యాంకు దళాల్లో హవల్దార్‌ను దఫాదార్ అంటారు.
>
> నౌకాదళంలో పెటీ ఆఫీసర్, వైమానిక దళంలో సార్జెంట్ ఇద్దరూ హవల్దార్‌తో సమానం. వైమానిక దళంలో కార్పొరల్ అంటే నాయక్.
>
> తాతగారి కాగితంలో 'జమేదార్' అని ఉంటే నేటి నాయబ్ సుబేదారే. 1965లో పేరు మార్చారు.

ఒక గడి, ఆసుపత్రిలో ఒక మంచం

"పోనిద్దురూ, ఈ వయసులో నాయక్ అయితే ఏంటి, హవల్దార్ అయితే ఏంటి?" ఇంట్లోవాళ్ళు అనే మాటే ఇది. వాళ్ళు అనడంలో తప్పు లేదు, ఆ గడి వెనక ఏమేం వేలాడుతున్నాయో వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు.

ఒకే ర్యాంకు ఒకే పింఛను పథకం 2014 జూలై 1 నుంచి అమలు. ఒకే ర్యాంకులో, ఒకే సర్వీసు కాలంతో దిగినవాళ్ళకు, ఎప్పుడు దిగినా ఒకే పింఛను. ఐదేళ్ళకోసారి సవరణ. 2019లో ఒకటి, 2024లో ఒకటి అయ్యాయి. పట్టికలో మొట్టమొదట చూసేది ర్యాంకు, ఆ తర్వాతే గ్రూపు, సర్వీసు ఏళ్ళు. ఆ వరుసే తప్పు పడితే తర్వాత వచ్చే ప్రతి సవరణా తప్పు మీదే కడుతుంది.

ఆసుపత్రి సంగతి ఇంకా కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ 2003లో వచ్చింది. ఆసుపత్రిలో చేరితే హవల్దార్, ఆ కింది ర్యాంకుల వాళ్ళకు జనరల్ వార్డు, నాయబ్ సుబేదార్ నుంచి సుబేదార్ మేజర్ దాకా సెమీ ప్రైవేటు, ఆఫీసర్లకు ప్రైవేటు గది. గౌరవ నాయబ్ సుబేదారుకు, ఎం.ఎ.సి.పి. నాయబ్ సుబేదారుకు కూడా సెమీ ప్రైవేటే. గుండె నొప్పితో రాత్రి పదకొండింటికి తీసుకెళ్తే కౌంటర్లో అమ్మాయి కార్డు మీద ఉన్న ర్యాంకు చూసి మంచం చెబుతుంది. ఆ సమయంలో గజిట్ కాగితం ఇంట్లో ఏ పెట్టెలో ఉందో వెతికేదెవరు?

అన్నిటికన్నా బాధ కలిగించేది భార్య పరిస్థితి. ఆయన ఉన్నన్నాళ్ళు కాగితాల సంచి ఆయన చేతిలోనే ఉంటుంది. ఆయన పోయాక కుటుంబ పింఛను కోసం ఆవిడ వెళ్తుంది. ర్యాంకు ఒకటి తప్పు, ఆవిడ పేరు ఇంకొక తప్పు. మిలట్రీ రికార్డులో 'సత్యవతి', ఆధార్‌లో 'వెంకట సత్యవతి'. ఆయన ఏ యూనిట్లో, ఏ ఏడాది హవల్దార్ అయ్యాడో ఆవిడకు తెలియదు. కార్గిల్ అప్పుడు ఉత్తరం రాలేదని ఎన్ని రోజులు అన్నం సయించలేదో మాత్రం చెప్పగలదు. రికార్డ్సుకు ఆ సమాచారం పనికిరాదు.

ఫీల్డ్ మార్షల్‌కూ తప్పలేదు

కింది ర్యాంకుల వాళ్ళకే ఈ తిప్పలని అనుకోవద్దు. 1971 యుద్ధం గెలిపించిన శామ్ మానెక్‌షా 1973 జనవరిలో దేశపు మొదటి ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. ఫీల్డ్ మార్షల్‌కు పదవీ విరమణ ఉండదు, బతికున్నన్నాళ్ళూ సర్వీసులో ఉన్నట్టే లెక్క. ఆ లెక్క ప్రకారం రావలసిన జీతభత్యాలు మాత్రం మూడు దశాబ్దాలకు పైగా ఆయనకు రాలేదు. 2007లో, అబ్దుల్ కలాం రాష్ట్రపతిగా ఉన్నప్పుడు కదలిక వచ్చి, కోటి రూపాయలకు పైగా బకాయి చెక్కు చేతికి వచ్చేసరికి ఆయనకు తొంభై దాటాయి, మంచం మీద ఉన్నాడు. మరుసటి ఏడాది జూన్ 27న వెల్లింగ్టన్‌లో కన్నుమూశాడు. మన తెలుగు కుర్రాళ్ళు ఎందరో శిక్షణ పొందిన మద్రాస్ రెజిమెంట్ కేంద్రం ఉన్న ఊరే అది.

ఫీల్డ్ మార్షల్‌కు రాష్ట్రపతి ఉన్నాడు. నాయక్‌కు నెట్ సెంటర్ కుర్రాడు ఉన్నాడు.

కంప్యూటర్‌కు ఎక్కిన పాత తప్పులు

2021 నుంచి రక్షణ పింఛన్లన్నిటినీ 'స్పర్శ్' అనే ఒకే కంప్యూటర్ వ్యవస్థలోకి తెచ్చారు. ఉద్దేశం మంచిదే. ఇంతకుముందు బ్యాంకు ఒక లెక్క, ప్రయాగ్‌రాజ్‌లోని పింఛన్ల ప్రధాన కార్యాలయం ఒక లెక్క, రికార్డ్స్ ఆఫీసు ఇంకొక లెక్క చెప్పేవి. ఇప్పుడు ముప్పై లక్షలకు పైగా పింఛనుదారులు ఒక్కచోట ఉన్నారు. పాత వ్యవస్థ నుంచి వచ్చిన వాటిలో వివరాలు సరిపోలని ఖాతాలు దాదాపు 6.4 లక్షలని, వాటిలో నూటికి తొంభైకి పైగా సరిచేశామని రక్షణ ఖాతాల విభాగమే 2025లో చెప్పింది. ఈ తప్పులన్నిటినీ కంప్యూటరే పుట్టించలేదని కూడా ఒప్పుకోవాలి. పెట్టెల్లో నిద్రపోతున్న తప్పులను తెర మీదికి తెచ్చింది. స్పర్శ్ రాకపోతే మన పెద్దాయనకు తాను నాయక్ అన్న సంగతి ఇప్పటికీ తెలిసేది కాదు.

చిక్కంతా రుజువు దగ్గర. పింఛను ఉన్నవాళ్ళ సర్వీసు పత్రాలు రికార్డ్స్ ఆఫీసులో ఉంటాయి, ఆలస్యమైనా దొరుకుతాయి. పింఛను రాకుండా వచ్చేసినవాళ్ళ పత్రాలను మాత్రం 25 ఏళ్ళు దాటాక నాశనం చేయవచ్చని సైనిక నిబంధనలే చెబుతాయి. 1962లో చైనా యుద్ధం తర్వాత ఆదరాబాదరాగా చేర్చుకుని, కొన్నేళ్ళకే పంపేసినవాళ్ళు డెల్టా జిల్లాల్లోనూ ఉన్నారు. అలాంటి మనిషికి మిగిలింది అతని చేతిలో ఉన్న డిశ్చార్జి బుక్కు ఒక్కటే. అది తడిస్తే, చెదపడితే, అతను సైన్యంలో పనిచేసినట్టు ఇంకెక్కడా ఆధారం ఉండదు. కొల్లేరు పొంగిన ప్రతి ఏడూ నీళ్ళు చూసే ఇళ్ళలో ఈ మాట తేలిగ్గా తీసుకోలేం.

అమెరికాలో ఇదే పని నిప్పు చేసింది. 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల భవనం తగలబడింది. 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్ళు కాలిపోయాయి. 1912 నుంచి 1960 మధ్య సైన్యం నుంచి దిగినవాళ్ళ ఫైళ్ళలో నూటికి ఎనభై పోయాయి. నకళ్ళు లేవు. అయినా అక్కడ ఒక పద్ధతి ఏర్పాటు చేసుకున్నారు. డీడీ 214 అనే డిశ్చార్జి పత్రంలో నాలుగో గడి ర్యాంకుది. అందులో తప్పుంటే డీడీ 149 అనే దరఖాస్తు పెడితే, ప్రతి దళానికీ రికార్డుల సవరణ కోసమే ఉన్న బోర్డు విచారిస్తుంది. తప్పు తెలిసిన మూడేళ్ళలో అడగాలన్నది నియమం, న్యాయమనిపిస్తే బోర్డు ఆ గడువునూ పక్కన పెడుతుంది. ముఖ్యమైన సంగతేమిటంటే అది కోర్టు కాదు. కాగితం తప్పును కాగితంతోనే సరిచేసే చోటు. మన దగ్గర అలా రికార్డు దిద్దడానికే ఉన్న బోర్డు లేదు. రికార్డ్స్ ఆఫీసు కాదంటే ఇక ట్రైబ్యునలే.

సరిచేయించుకోవడం ఎలా?

ముందు మనం అడుగుతున్నదేమిటో మనకే తేలాలి. 'నాకు హవల్దార్ రావాల్సింది, ఇవ్వలేదు' అనడం ఒకటి. 'నాకు హవల్దార్ వచ్చింది, రాయలేదు' అనడం ఇంకొకటి. మొదటిది ప్రమోషన్ తగాదా. దశాబ్దాల తర్వాత తీసుకెళ్తే కాలదోషం పట్టిందని కొట్టేస్తారు. రెండోది రికార్డు సవరణ. దీనికి దారి ఉంది. దరఖాస్తుల్లో ఈ రెండూ కలిపేసి, పాత కంపెనీ కమాండర్ మీద కోపమూ చేర్చి నాలుగు పేజీలు రాసేవాళ్ళు చాలామంది. ఆ నాలుగు పేజీల్లో అసలు విషయం మునిగిపోతుంది. ఒక్క పేజీ చాలు: నంబరు, పేరు, యూనిట్, ఏ తేదీన ఏ ర్యాంకు వచ్చింది, ఏ కాగితంలో తప్పుగా ఉంది, రుజువులు ఇవి.

రుజువు అంటే అన్నిటికన్నా బలమైంది పార్ట్ టూ ఆర్డర్. సైన్యంలో సిపాయి పెళ్ళి అయినా, బిడ్డ పుట్టినా, ప్రమోషన్ వచ్చినా యూనిట్ ఈ ఆర్డర్‌లో అచ్చు వేస్తేనే జరిగినట్టు లెక్క. దాని నంబరు, తేదీ షీట్ రోల్ అనే సర్వీసు పత్రంలో ఎక్కుతాయి. నంబరు మీ దగ్గర లేకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో షీట్ రోల్ నకలు అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పాత జీతం చీటీ, గౌరవ ర్యాంకు అయితే గజిట్ నోటిఫికేషన్, మొదటి పింఛను ఉత్తర్వు జతచేయాలి. యూనిఫాంలో మూడు పట్టీలతో దిగిన ఫొటో మన మనసుకు రుజువే కానీ ఫైలుకు కాదు. అయినా పెట్టండి, గుమాస్తా కూడా మనిషే.

దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా గానీ, నేరుగా గానీ రికార్డ్స్ ఆఫీసుకు పంపవచ్చు. వాళ్ళు ఒప్పుకుంటే పింఛను ఉత్తర్వుకు సవరణ, మిలట్రీ భాషలో కొరిజెండం పీపీఓ, ప్రయాగ్‌రాజ్ నుంచి వస్తుంది. స్పర్శ్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయాలి. ఒకచోట మారితే రెండోచోట దానంతట అదే మారుతుందని వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఒప్పుకోకపోతే కారణం రాసిన జవాబు అడిగి తీసుకోండి. ట్రైబ్యునల్‌కు వెళ్ళాలంటే ఆ కాగితమే మెట్టు.

> మీ ఫైలు ఏ ఊళ్ళో ఉంది?
>
> మద్రాస్ సాపర్స్, ఏఎస్‌సీ: బెంగళూరు
> మద్రాస్ రెజిమెంట్: వెల్లింగ్టన్
> ఏఓసీ, ఈఎంఈ: సికింద్రాబాద్
> ఫిరంగి దళం: నాసిక్ రోడ్
> సిగ్నల్స్: జబల్‌పూర్
> వైద్య దళం ఏఎంసీ: లక్నో
> వైమానిక దళం: న్యూఢిల్లీ
> నౌకాదళ నావికులు: ముంబయి మాన్‌ఖుర్ద్

గెలిచినా మూడేళ్ళే

సాయుధ దళాల ట్రైబ్యునల్ చట్టం 2007లో వచ్చింది, 2009 ఆగస్టులో ట్రైబ్యునల్ పని మొదలుపెట్టింది. మన రాష్ట్రం చెన్నై బెంచి కింద ఉంది. తిరస్కరణ అందిన ఆరు నెలల్లో వెళ్ళాలి. ఆలస్యానికి కారణం చూపితే మన్నించే అధికారం బెంచికి ఉంది. పింఛను తక్కువ రావడం నెలనెలా కొత్తగా జరిగే అన్యాయం కాబట్టి ఆలస్యమైందని కేసు కొట్టేయకూడదని కోర్టులు చెబుతూనే వచ్చాయి.

ఇక్కడో మెలిక. తర్సేమ్ సింగ్ అనే సైనికుడు 1983లో వైద్య కారణాల మీద సర్వీసు నుంచి దిగి, 16 ఏళ్ళ తర్వాత వికలాంగ పింఛను కోసం కోర్టుకెక్కాడు. 2008లో సుప్రీంకోర్టు ఆయన కేసులో చెప్పిందేమిటంటే, హక్కు ఉంది, కానీ బకాయి మాత్రం పిటిషన్‌కు ముందు మూడేళ్ళకే. ఆ తర్వాత ఇలాంటి కేసుల్లో చాలావాటికి అదే కొలబద్ద అయింది. ముప్పై ఏళ్ళు తక్కువ పింఛను తీసుకున్న మనిషి కేసు గెలిస్తే చేతికొచ్చేది మూడేళ్ళ తేడా. మిగతా ఇరవై ఏడేళ్ళ తేడా ఖజానాలోనే ఉండిపోతుంది. తప్పు రాసినవాడికి దీనివల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. ఆలస్యంగా చూసుకున్నవాడిదే నష్టమంతా.

ఈ కోర్టు సూత్రంతో నాకు పేచీ లేదు, కోర్టు కాలపరిమితి పాటించక తప్పదు. పేచీ ప్రభుత్వంతో. సైనికుడికి ర్యాంకు ఇచ్చింది వాళ్ళు, పార్ట్ టూ ఆర్డర్ అచ్చువేసింది వాళ్ళు, షీట్ రోల్ దాచింది వాళ్ళు, పింఛను కట్టింది వాళ్ళు. నాలుగు కాగితాలూ వాళ్ళ దగ్గరే ఉన్నప్పుడు, ఐదో కాగితంలో తప్పు పడిందని డెబ్బై ఏళ్ళ మనిషి వచ్చి రుజువు చేయాలనడం ఏం న్యాయం? కొల్లేరు అభయారణ్యానికి హద్దైన ఐదో కాంటూరు గీత ఎక్కడ పడిందో తెలియక ఇన్నేళ్ళుగా కాగితాలు పట్టుకు తిరుగుతున్న ఈ ప్రాంతం జనానికి ఈ బాధ విడమర్చి చెప్పాల్సిన పని లేదు. లక్షల ఖాతాలను ఒక కంప్యూటర్‌లోకి ఎక్కించగలిగినవాళ్ళు, రికార్డ్స్ ఆఫీసులోని చివరి ర్యాంకును స్పర్శ్‌లోని ర్యాంకుతో ఒక్కసారి సరిపోల్చి, తేడా ఉన్నచోట తామే ఉత్తరం రాయగలరు. రాయాలి.

వాళ్ళు రాసేదాకా ఆగొద్దు. నాలుగేళ్ళ సర్వీసుకు తీసుకునే అగ్నివీరుల్లో సైన్యం మొదటి బ్యాచ్ శిక్షణ 2023 జనవరిలో మొదలైంది. నాలుగేళ్ళ లెక్కన వాళ్ళలో అత్యధికులు పింఛను లేకుండా ఇళ్ళకు వస్తారు. అంటే పింఛను లేనివాళ్ళకు ఉన్న 25 ఏళ్ళ నిబంధన రేపు వాళ్ళకూ వర్తించవచ్చు. మీ ఇంట్లో అలాంటి కుర్రాడుంటే, వచ్చే రోజున చేతికిచ్చిన ప్రతి కాగితమూ గేటు దాటకముందే చదువుకోమని చెప్పండి. మీ ఇంట్లో మాజీ సైనికుడు ఉంటే డిశ్చార్జి బుక్కు, పింఛను ఉత్తర్వు, స్పర్శ్ ప్రొఫైల్, ఈసీహెచ్‌ఎస్ కార్డు నాలుగూ ఒకచోట పెట్టి ర్యాంకు, భార్య పేరు, పుట్టిన తేదీ సరిచూడండి. ప్రతి పేజీకీ నకలు తీయించి వేరేచోట దాచండి. తేడా కనిపిస్తే ఈ వారమే రికార్డ్సుకు స్పీడ్ పోస్టులో దరఖాస్తు పంపి, రసీదు దాచుకోండి. ఎప్పుడు అడిగారో రేపు చూపడానికి పనికొచ్చేది ఆ రసీదు మీద తేదీయే.